ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, ఏ చానెల్‌లో: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ షెడ్యూల్‌లో న్యాయం ఎంత?

2017 ఆగస్టు చివర్లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఏఎఫ్ఎల్, లీగ్ దశ ముగిసింది. పెర్త్ నగరపు వెస్ట్ కోస్ట్ ఈగిల్స్, మెల్‌బోర్న్ జట్లు రెండూ 22 మ్యాచ్‌లు ఆడి చెరి 12 గెలిచాయి. అప్పట్లో ఫైనల్స్ దశకు ఎనిమిది జట్లే వెళ్లేవి, ఎనిమిదో స్థానం కోసం పోటీ పడినవి ఈ రెండూ. పాయింట్లు సమానమైనప్పుడు అక్కడ ‘పర్సెంటేజ్’ చూస్తారు. ఒక జట్టు సీజన్ మొత్తంలో సాధించిన పాయింట్లను ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. వెస్ట్ కోస్ట్‌కు 105.7, మెల్‌బోర్న్‌కు 105.2 వచ్చాయి. అర శాతం తేడాతో మెల్‌బోర్న్ సీజన్ అక్కడితో ముగిసిపోయింది. వెస్ట్ కోస్ట్ మాత్రం అడిలైడ్ వెళ్లి, అదనపు సమయంలో, సైరన్ మోగాక కొట్టిన ఆఖరి కిక్‌తో పోర్ట్ అడిలైడ్‌ను ఓడించింది.

అర శాతం దగ్గర ఒక జట్టు భవితవ్యం తేలిపోయినప్పుడు, ఆ రెండు జట్లూ ఒకే పరీక్ష రాశాయా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అవి ఒకే పరీక్ష రాయలేదు. ఆ ఏడాది వెస్ట్ కోస్ట్ రెండుసార్లు ఎదుర్కొన్న జట్లలో ఫ్రీమాంటిల్ ఉంటే, మెల్‌బోర్న్ రెండుసార్లు ఎదుర్కొన్న జట్లలో కాలింగ్‌వుడ్ ఉంది. ఒక జట్టు దాదాపు వారం విడిచి వారం విమానాల్లో తిరుగుతుంటే, మరో జట్టు ఎక్కువ వారాలు సొంత నగరంలోనే ఆడింది. ఏటా అక్టోబరు, నవంబరుల్లో కొత్త షెడ్యూల్ రాగానే మెల్‌బోర్న్ ఆఫీసుల్లోనూ, పెర్త్ రేడియో చర్చల్లోనూ రేగే వాదన మూలం ఇదే. మెల్‌బోర్న్ శివార్లలో స్థిరపడిన తెలుగువారు సహోద్యోగుల నోట తరచూ వినే ‘ఫిక్స్‌చర్’ అనే మాటకు అర్థం మ్యాచ్‌ల షెడ్యూలే. అయితే అక్కడ ఆ మాట పలికే తీరులోనే ఒక ఫిర్యాదు వినిపిస్తుంటుంది.

18 జట్లు, 23 మ్యాచ్‌లు: లెక్క ఎందుకు సరిపోదు

ఈ లీగ్ 1897లో విక్టోరియా రాష్ట్రానికి పరిమితమైన పోటీగా, ఎనిమిది క్లబ్బులతో మొదలైంది. 1970 నుంచి 1986 వరకు 12 జట్లు 22 మ్యాచ్‌ల చొప్పున ఆడాయి. ఒక్కో జట్టుకు 11 మంది ప్రత్యర్థులు కాబట్టి ప్రతి ఒక్కరితోనూ సొంత మైదానంలో ఒకటి, వాళ్ల మైదానంలో ఒకటి ఆడితే 22 సరిగ్గా సరిపోయేవి. 1987లో పెర్త్ నుంచి వెస్ట్ కోస్ట్, క్వీన్స్‌లాండ్ నుంచి బ్రిస్బేన్ బేర్స్ చేరడంతో ఆ సమానత్వం పోయింది. 1990లో లీగ్ పేరు ఏఎఫ్ఎల్‌గా మారింది, అడిలైడ్, ఫ్రీమాంటిల్, పోర్ట్ అడిలైడ్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, మధ్యలో ఒక పాత క్లబ్బు బ్రిస్బేన్‌లో కలిసిపోయింది, 2011లో గోల్డ్ కోస్ట్, 2012లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ చేరి సంఖ్య 18 అయింది.

ఇప్పుడు ఒక్కో జట్టు 23 మ్యాచ్‌లు ఆడుతుంది. 17 మంది ప్రత్యర్థులతో ఒక్కోసారి ఆడగా ఆరు మిగులుతాయి, అంటే ఆరు జట్లతో రెండోసారి తలపడాలి. అందరితో రెండేసిసార్లు ఆడాలంటే 34 మ్యాచ్‌లు కావాలి. ఆటగాళ్లు ఢీకొంటూ, పడుతూ లేస్తూ, ఒక్కో మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఈ ఆటను వారానికి ఒకసారి మించి ఆడటం శరీరానికి భారం. పైగా వేసవిలో ఆ మైదానాలు చాలావరకు క్రికెట్‌వి, కాబట్టి సీజన్‌ను మార్చి, సెప్టెంబరు మధ్యనే ఇరికించాలి. 34 అసాధ్యం. అలాగని 17తో సరిపెడితే టికెట్ల ఆదాయం, టీవీ ఆదాయం పడిపోతాయి. ఈ రెండింటి మధ్య కుదిరిన బేరమే 23.

ఇది మనకు పూర్తిగా కొత్త చిక్కేమీ కాదు. ఐపీఎల్‌లో 2022 నుంచి పది జట్లు 14 మ్యాచ్‌ల చొప్పున ఆడుతున్నాయి, ఒక్కో జట్టు అయిదుగురితో రెండుసార్లు, నలుగురితో ఒక్కసారే ఆడుతుంది. ఏఎఫ్ఎల్‌లో రెండోసారి తలపడని ప్రత్యర్థులు 11 మంది కావడం వల్ల అదే చిక్కు అక్కడ మరింత పెద్దదిగా కనిపిస్తుంది.

రెండోసారి ఎవరితో? పాత పట్టిక చూసి వేసే తూకం

ఆ ఆరు మ్యాచ్‌లను చీటీలు తీసి నిర్ణయించరు. ముందటి ఏడాది పాయింట్ల పట్టికను పై ఆరు, నడిమి ఆరు, కింది ఆరు అని మూడు ముక్కలు చేస్తారు. పై ఆరులో ఉన్న జట్టుకు రెండోసారి తలపడేవాళ్లలో పై ఆరు జట్లు ఎక్కువగా, కింది ఆరులో ఉన్న జట్టుకు కింది జట్లు ఎక్కువగా పడేలా చూస్తారు. బలమున్న జట్టుకు బరువు పెంచి, బలహీన జట్టుకు తగ్గించడమే దీని ఉద్దేశం.

దీని ప్రభావం తెలియడానికి ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. ఒక సగటు జట్టుకు బలమైన జట్లపై గెలిచే అవకాశం 35 శాతం, సమాన జట్లపై 50 శాతం, బలహీన జట్లపై 70 శాతం అనుకుందాం. ఆ జట్టుకు రెండోసారి ఆడే ఆరు మ్యాచ్‌లలో మూడు బలమైన జట్లతో, రెండు సమాన జట్లతో, ఒకటి బలహీన జట్టుతో పడితే ఆశించదగిన గెలుపులు 2.75. అదే జట్టుకు ఒకటి బలమైనదానితో, రెండు సమానమైనవాటితో, మూడు బలహీనమైనవాటితో పడితే 3.45. తేడా 0.7 గెలుపు. గెలుపుకు నాలుగు పాయింట్లు కాబట్టి, జట్టు ఆట ఏమాత్రం మారకుండానే సగటున దాదాపు మూడు పాయింట్లు అటూఇటూ అవుతాయి. అర శాతంతో ఎనిమిదో స్థానం తేలిన పోటీలో ఇది చిన్న సంగతి కాదు.

మరి ఈ తూకం సరిగ్గా పడుతుందా? పాత పట్టిక కొత్త ఏడాదిని చెప్పలేదన్నదే దీనిలోని బలహీనత. 2021లో 17వ స్థానంలో నిలిచిన కాలింగ్‌వుడ్ మరుసటి ఏడాది, అంటే 2022లో, నాలుగో స్థానానికి ఎగబాకింది. 2024లో 15వ స్థానంలో ఉన్న అడిలైడ్ 2025లో లీగ్ దశను మొదటి స్థానంతో ముగించింది, 2024లో మొదటి స్థానంలో ఉన్న సిడ్నీ 2025లో పదో స్థానానికి జారింది. తేలిక షెడ్యూల్ అందుకున్న జట్టు లీగ్‌లోనే బలమైనదిగా తేలితే, ఆ తేలిక షెడ్యూల్ భారాన్ని మోసేది మిగతా జట్లే. అడిలైడ్ అగ్రస్థానంలో షెడ్యూల్ వాటా ఎంత, ఆట వాటా ఎంత అని 2025లో సాగిన చర్చకు కారణం ఇదే. ఆ జట్టు ఫైనల్స్‌లో రెండు మ్యాచ్‌లూ ఓడిపోవడంతో ఆ అనుమానం ఇంకా పెరిగింది. అయినా రెండు ఓటములు దేన్నీ రుజువు చేయవు.

ఈ తూకానికి ముందే కొన్ని జతలు ఖాయమైపోయి ఉంటాయి. పెర్త్, అడిలైడ్, సిడ్నీ, క్వీన్స్‌లాండ్‌లలో రెండేసి జట్లున్నాయి, ఆ ఇరుగుపొరుగు పోటీలు ఏటా రెండుసార్లు జరగాల్సిందే. ఆ మ్యాచ్‌లకు మైదానం నిండుతుంది, అభిమానులు ఏడాదంతా వాటికోసం ఎదురుచూస్తారు. అంటే ఎనిమిది జట్లకు ఆరులో ఒకటి ఎప్పుడూ చేజారినట్టే. పొరుగు జట్టు బలంగా ఉన్న ఏళ్లలో అది శిక్ష, బలహీనంగా ఉన్న ఏళ్లలో అది వరం.

దూరం, మైదానం

18 జట్లలో పది విక్టోరియావి. వాటిలో జీలాంగ్ తప్ప మిగతా తొమ్మిదీ మెల్‌బోర్న్ నగరానివే. కాబట్టి మెల్‌బోర్న్ నగరపు జట్లు ‘బయట’ ఆడే మ్యాచ్‌లలో సుమారు సగం ట్రామ్‌లో వెళ్లే దూరంలోనే ఉంటాయి. పెర్త్ జట్లకు పొరుగు పోటీ తప్ప బయటి మ్యాచ్ ప్రతిదీ విమాన ప్రయాణమే. పెర్త్ నుంచి మెల్‌బోర్న్‌కు సుమారు 2,700 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి రెండింతల పైమాటే. అలాంటి ప్రయాణాలు సీజన్‌కు పది అనుకున్నా, రానూపోనూ 54,000 కిలోమీటర్లు అవుతాయి.

అయితే దూరం ఒకరికే నష్టం చేయదు. పెర్త్ వెళ్లే జట్టు కూడా అంతే దూరం ఎగరాలి, దిగాక పూర్తిగా ఎదుటి పక్షానిదైన జనం ముందు ఆడాలి. వెస్ట్ కోస్ట్ 1992, 1994, 2006, 2018లలో నాలుగుసార్లు విజేత అయింది. మెల్‌బోర్న్‌లో రెండు స్థానిక జట్లు ఒకే మైదానాన్ని సొంతమని చెప్పుకుంటే ‘సొంతగడ్డ’ అన్న మాటకు అర్థమే పలచబడుతుంది. కనుక బయటి రాష్ట్రాల జట్లు ప్రయాణంలో నష్టపోయినా, సొంత మైదానంలో కొంత రాబట్టుకుంటాయి. ఈ లెక్క పూర్తిగా చెదిరేది చివరి మ్యాచ్‌లో. లక్షకు పైగా జనం పట్టే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే గ్రాండ్ ఫైనల్ జరగాలన్న ఒప్పందం 2059 వరకు ఉంది. 2014లో లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచింది సిడ్నీ, కానీ తుదిపోరు జరిగింది ప్రత్యర్థి హాథార్న్ తరచూ ఆడే ఆ మైదానంలోనే. హాథార్న్ 63 పాయింట్ల తేడాతో గెలిచింది. ఆటలో అంత తేడా ఉన్నప్పుడు మైదానాన్ని నిందించడం సబబు కాదు. అయినా మొదటి స్థానానికి దక్కాల్సిన ప్రతిఫలం దక్కలేదన్న మాట మాత్రం నిజమే.

డబ్బు కోసం క్లబ్బులు తమంతట తామే సొంత మ్యాచ్‌లను అమ్ముకోవడం మరో మెలిక. హాథార్న్ ఏళ్ల తరబడి టాస్మానియాలోని లాన్సెస్టన్‌లో కొన్ని సొంత మ్యాచ్‌లు ఆడుతోంది. నార్త్ మెల్‌బోర్న్ 2025లో రెండు సొంత మ్యాచ్‌లను పశ్చిమ ఆస్ట్రేలియాకు తీసుకెళ్లి, ఆ రాష్ట్రపు జట్లతోనే ఆడింది. వాటిలో వెస్ట్ కోస్ట్‌తో మ్యాచ్ బన్‌బరీలో జరిగింది. కాగితం మీద అది నార్త్ సొంత మ్యాచ్, ప్రయాణం చేసింది మాత్రం నార్తే. ఆ క్లబ్బుకు డబ్బు అవసరం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ వరం అందుకున్న పెర్త్ జట్టుతో పట్టికలో పోటీ పడుతున్న మూడో జట్టును ఎవరూ అడగలేదు. 2023 నుంచి లీగ్ మొత్తం ఒక వారాంతం దక్షిణ ఆస్ట్రేలియాలో ఆడే ‘గ్యాదర్ రౌండ్’ కూడా ఇలాంటిదే. 16 జట్లకు అది పరాయి వేదిక, అడిలైడ్ నగరపు రెండు జట్లకు ఇల్లు. సొంత మ్యాచ్‌లు 11, పొరుగు జట్టు ‘సొంత’ మ్యాచ్ ఒకటి, ఈ రౌండ్ ఒకటి కలిపితే, ఆ జట్లు 23లో 13 మ్యాచ్‌లను ఇల్లు కదలకుండానే ఆడగలవు.

విశ్రాంతి రోజుల సంగతి కాస్త తేలిక. శనివారం ఆడిన జట్టు గురువారం మళ్లీ ఆడితే అయిదే రోజులు, ప్రత్యర్థికి ఏడో ఎనిమిదో దొరకవచ్చు. ఇది తప్పకుండా ప్రభావం చూపుతుంది, కానీ సీజన్ మీద మొత్తంగా చూస్తే చాలావరకు సర్దుకుంటుంది.

శుక్రవారం రాత్రి ఎవరిది?

నా దృష్టిలో ఈ చిక్కుముడిలో లోతైన పోగు ఇదే. ఎవరితో ఆడాలన్న తేడా ఏటా కొత్తగా మొదలవుతుంది. ఎవరిని చూపించాలన్న తేడా మాత్రం ఏటికేడు పేరుకుంటుంది.

2025 నుంచి 2031 వరకు ప్రసార హక్కుల ఒప్పందం విలువ 450 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. హక్కులు ఉచితంగా చూసే సెవెన్ నెట్‌వర్క్‌కు, చందా కట్టి చూసే ఫాక్స్‌టెల్‌కు, టెల్‌స్ట్రా సంస్థకు దక్కాయి. లీగ్ ఆదాయంలో పెద్ద పాలు ఇదే, ఆటగాళ్ల జీతాలూ, క్లబ్బులకు అందే వాటాలూ ఎక్కువగా దీని నుంచే వస్తాయి. ఈ ఆటలో గోల్ తర్వాత బంతిని మైదానం నడుమకు తెచ్చేలోపు ఉచిత చానెల్‌లో ఒక ప్రకటన పడే వీలుంటుంది, కాబట్టి ఎక్కువ మంది చూసే మ్యాచ్‌ను ఎక్కువ మంది చూసే వేళకు వేయాలని చానెల్ కోరుకోవడం సహజం. ఆ వేళల్లో మొదటిది శుక్రవారం రాత్రి. ఆ సమయంలో చాలా వారాలు ఒక్క మ్యాచే ఉంటుంది, దేశమంతా దాన్నే చూస్తుంది.

కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, ఎసెండన్, రిచ్‌మండ్ వంటి పెద్ద క్లబ్బులకు ఈ వేళలు ఎక్కువగా దక్కుతాయి. ప్రత్యేక దినాలదీ అదే తీరు. యుద్ధవీరులను స్మరించుకునే ఏప్రిల్ 25 నాటి అన్జాక్ డే మ్యాచ్ 1995 నుంచి కాలింగ్‌వుడ్, ఎసెండన్‌లదే. ఆదిమవాసీ ఆటగాళ్ల కృషిని గౌరవించే ‘డ్రీమ్‌టైమ్’ మ్యాచ్ 2005 నుంచి ఎసెండన్, రిచ్‌మండ్‌లది. సెయింట్ కిల్డా, నార్త్ మెల్‌బోర్న్ వంటి చిన్న క్లబ్బులు ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలకు, చందా చానెల్‌కే పరిమితమైన వేళలకు సర్దుకుంటాయి. నార్త్ విషయంలో ఇది మనసుకు మరీ కష్టం కలిగిస్తుంది. 1985లో శుక్రవారం రాత్రి మ్యాచ్‌లను ప్రవేశపెట్టి, వాటిని పెంచి పోషించింది ఆ క్లబ్బే. తాను నాటిన చెట్టు నీడ ఇప్పుడు ఇతరులకు దక్కుతోంది.

దీని ప్రభావాన్ని కూడా ఊహాజనిత అంకెలతో చూద్దాం. రాత్రి మ్యాచ్‌కు పది లక్షల మంది, మామూలు వేళ మ్యాచ్‌కు మూడు లక్షల మంది చూస్తారనుకుందాం. పెద్ద క్లబ్బుకు ఎనిమిది రాత్రులు, చిన్న క్లబ్బుకు ఒక రాత్రి దక్కితే, 23 మ్యాచ్‌లకు మొదటిదాన్ని చూసినవారి మొత్తం 125 లక్షలు, రెండోదాన్ని చూసినవారి మొత్తం 76 లక్షలు. జెర్సీ మీద పేరు వేయించుకునే కంపెనీ ఈ రెండింటికీ ఒకే ధర కట్టదు. ఆ తేడాను లీగ్ కొంతవరకు డబ్బుతో పూడ్చగలదు, పూడుస్తోంది కూడా. చిన్న క్లబ్బులకు లీగ్ నుంచి అందే వాటా ఎక్కువ. డబ్బుతో పూడ్చలేనిది మరొకటుంది. ఏడేళ్ల పిల్లవాడు శుక్రవారం రాత్రి అన్నం తింటూ తెరమీద ఎవరిని చూస్తాడో, పెద్దయ్యాక ఆ రంగుల కండువానే కప్పుకుంటాడు. ప్రేక్షకులు ఎక్కువ కాబట్టి మంచి వేళ, మంచి వేళ కాబట్టి ఎక్కువ ప్రేక్షకులు అని ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఎదుటి వాదనలోనూ బలముంది. పెద్ద మ్యాచ్‌లు పెద్ద వేళలకు వెళ్లకపోతే ఒప్పందం విలువ తగ్గుతుంది, తగ్గితే ముందుగా దెబ్బతినేది లీగ్ సాయంపై ఆధారపడిన చిన్న క్లబ్బులే. జీతాలకు గరిష్ఠ పరిమితి 1980ల నుంచీ, ఆఖరున నిలిచిన జట్టుకు కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో మొదటి అవకాశమిచ్చే డ్రాఫ్ట్ 1986 నుంచీ ఉన్నాయి. చిన్న క్లబ్బుగా పేరున్న వెస్టర్న్ బుల్‌డాగ్స్ 2016లో ఏడో స్థానం నుంచి వచ్చి, 1954 తర్వాత తొలిసారి విజేత కావడం ఈ ఏర్పాట్లు పనిచేస్తాయనడానికి సాక్ష్యం. అయితే పెద్ద క్లబ్బు పేరు చూసి వేళలు ముందే పంచితే చానెల్‌కూ నష్టమే రావచ్చు. 2015లో కార్ల్‌టన్‌కు పలు శుక్రవారం రాత్రులు ఇచ్చారు, ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. అందుకే కోవిడ్ తర్వాత సీజన్ చివరి వారాల వేళలను ముందే ఖాయం చేయకుండా, ఎవరు బాగా ఆడుతున్నారో చూసి తర్వాత ప్రకటిస్తున్నారు. బాగా ఆడే చిన్న జట్టుకు ఇది మేలు. ఊరి నుంచి వచ్చి మ్యాచ్ చూడాలనుకునే కుటుంబం మాత్రం రైలు టికెట్టూ, బసా ముందుగా తీసుకోలేదు.

చూసేవారి వైపు నుంచి మరో ప్రశ్న ఉంది. ముఖ్యమైన క్రీడలను ముందుగా ఉచిత చానెళ్లు కొనే అవకాశం ఉండాలని ఆస్ట్రేలియా 1992లోనే చట్టం చేసింది, 2024లో దాన్ని ఇంటర్నెట్ ప్రసార సంస్థలకూ వర్తింపజేసింది. మన దేశంలో 2007 నాటి చట్టం ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని చెప్పినట్టే, దీని ఉద్దేశమూ సామాన్యుడికి ఆట అందుబాటులో ఉండాలన్నదే. కానీ ఆ చట్టం ఉచిత చానెల్‌ను కొనమని బలవంతం చేయదు. కొత్త ఒప్పందంలో సీజన్ తొలి భాగపు శనివారం మ్యాచ్‌లు విక్టోరియాలో చందాదారులకే దక్కాయి, ఇతర రాష్ట్రాల్లో స్థానిక జట్ల మ్యాచ్‌లు మాత్రం ఉచితంగా వస్తాయి. ఆట పుట్టిన నగరంలోనే చందా కట్టలేని అభిమాని శనివారం రేడియో పెట్టుకోవాల్సి వస్తోంది.

సవరణలు: ఒకటి సరిచేస్తే మరొకటి

అందరూ అందరితో ఒక్కొక్క మ్యాచ్ మాత్రమే ఆడిన సీజన్ ఒకటుంది. అది 2020. కోవిడ్ వల్ల 17 మ్యాచ్‌లకు కుదించారు, ప్రత్యర్థుల లెక్క సరిగ్గా కుదిరింది. కానీ విక్టోరియా జట్లు నెలల తరబడి రాష్ట్రం వదిలి, ఎక్కువగా క్వీన్స్‌లాండ్‌లో ఆడాయి, గ్రాండ్ ఫైనల్ కూడా బ్రిస్బేన్‌లోనే జరిగింది. 18 జట్లు అయ్యాక ప్రత్యర్థుల విషయంలో అన్నిటికన్నా సమానమైన ఆ ఏడాది, మైదానాల విషయంలో అన్నిటికన్నా అసమానమైనది.

గత దశాబ్దంలో చర్చకు వచ్చిన ‘17-5’ పద్ధతిలో, 17 మ్యాచ్‌లయ్యాక జట్లను ఆరేసి చొప్పున మూడు గుంపులు చేసి, గుంపులోని అయిదుగురితో మరోసారి ఆడిస్తారు. పాత పట్టికకు బదులు ఈ ఏడాది బలమే ప్రమాణమవుతుంది కాబట్టి ఆలోచన బాగుంది. కానీ అయిదు మ్యాచ్‌లలో కొందరికి సొంతగడ్డపై మూడు, కొందరికి రెండే వస్తాయి, చివరి అయిదు వారాల మైదానాలూ టికెట్లూ ముందు తెలియవు, కింది గుంపుకు ఆడటానికి ప్రయోజనం తక్కువ. అది అమలు కాలేదు.

రెండోసారి తలపడే జట్లను ఏళ్ల మీద వంతుల వారీగా తిప్పడం మరో సూచన. ఏటా ఆరు చొప్పున అయితే మూడేళ్లలో 18 అవకాశాలు, ప్రత్యర్థులు 17. కాబట్టి మూడేళ్లకు లెక్క దాదాపు సమమవుతుంది. ఎవరి చేతివాటానికీ తావుండదు, నాకు ఇదే అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది. కానీ కప్పు మూడేళ్లకోసారి ఇవ్వరు, ఏటా ఇస్తారు. పైగా పొరుగు పోటీలు, ప్రత్యేక దినాలు ఆ వంతులకు లొంగవు.

2028లో లెక్క మళ్లీ మారుతుంది

టాస్మానియా 19వ జట్టుగా 2028లో చేరాల్సి ఉంది. 19 బేసి సంఖ్య కావడంతో ప్రతి వారం కనీసం ఒక జట్టు ఖాళీగా ఉండాలి. అంతకన్నా గట్టి చిక్కు మరొకటుంది. ప్రతి మ్యాచ్‌కూ రెండు జట్లు కావాలి, కాబట్టి అన్ని జట్ల మ్యాచ్‌లను కూడితే వచ్చేది సరి సంఖ్య కావాలి. 19 జట్లు 23 చొప్పున ఆడితే 437 వస్తుంది, దాన్ని రెండుతో భాగిస్తే మ్యాచ్‌ల సంఖ్య 218న్నర. అర మ్యాచ్ ఆడలేరు. అంటే అందరికీ సమానంగా 23 ఇవ్వడం గణితం ప్రకారమే కుదరదు, 22కు తగ్గాలి, లేదా 24కు పెరగాలి.

22 అయితే 18 మంది ప్రత్యర్థులతో ఒక్కోసారి, నలుగురితో రెండోసారి. రెండోసారి తలపడేవి ఆరు నుంచి నాలుగుకు తగ్గడం వల్ల అసమానత కొంత తగ్గుతుంది, సీజన్‌లో మొత్తం 209 మ్యాచ్‌లు వస్తాయి, ఇప్పుడున్నవి 207. 24 అయితే రెండోసారి తలపడేవి ఆరుగానే ఉండిపోయి, మ్యాచ్‌లు 228 అవుతాయి, ఆటగాళ్ల శరీరాల మీద మరో వారం భారం పడుతుంది. ప్రసార ఒప్పందం 2031 వరకు ఉన్నందున ఆ 21 అదనపు మ్యాచ్‌ల విలువ ఎంతో, అవి ఏ వేళల్లో, ఎవరి తెరమీద పడతాయో తేల్చే బేరంలో చానెళ్లు కూడా కూర్చుంటాయి.